సగం ఓటు బిల్లు వారం

నమోదు 2917. సోమవారం.
బయట వేడి నలభై తొమ్మిది. ప్రసారం పన్నెండూ ఐదు నుంచి పన్నెండూ యాభై దాకా. అంతరాయాలు లేవు.

రేడియో గదిలో ఏం జరిగినా ఈ పుస్తకంలో రాయాలని నియమం. యంత్రాల సంగతి రెండు వరుసల్లో అయిపోతుంది. మిగతా పేజీని ఖాళీగా వదిలెయ్యడం తొమ్మిదేళ్ళుగా నాకు చేతకావడం లేదు.

పొద్దున ఐదింటికి ఆరో నంబరు గాలిమర ఎక్కి గ్రీజు మార్చాను. పది గంటల సైరన్ మోగేలోపే దిగి, అందరితో పాటు నేల కిందికి వచ్చేశాను. పది నుంచి ఐదు దాకా మా మరలగుట్టలో పైన కాకి కూడా తిరగదు. కింద చలువ మంటపంలో కొందరు నిద్రపోతారు, కొందరు పులి-మేక ఆడతారు, ఆడవాళ్ళు రాత్రి వంటకి కూరలు తరుగుతారు. మధ్యాహ్నం ముప్పావు గంట మాత్రం చేతుల్లో ఏ పనున్నా చెవులు మాకిస్తారు. మేమంటే నేనూ, రుద్రప్ప పెదనాయనా.

ఆయన నాకు చుట్టం కాదు. కల్యాణదుర్గం దారిలో ముప్పై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసి, డెబ్బై రెండో ఏట ఈ మైకు ముందుకి వచ్చాడు. ఇప్పుడు ఎనభై ఒకటి. ఏటేటా ఆయుష్షు సూది వేయించుకుంటాడు కాబట్టి నాకంటే ముందు మెట్లు దిగుతాడు. ఇంకో ముప్పై ఏళ్ళు దిగుతూనే ఉంటాడు.

సోమవారం ఢిల్లీ నుంచి బిల్లు వస్తుంది. శనివారం మధ్యాహ్నం దేశమంతా ఓటు పలక మీద వేలు పెట్టి కావాలనో వద్దనో చెబుతుంది. చాలా ఊళ్ళలో జనం తమ ఓటుకి యంత్రానికే వకాల్తా ఇచ్చేశారు. ఎవరికి ఏది నచ్చుతుందో లెక్కగట్టి అదే వేసేస్తుంది. మా ఊళ్ళో ఇంకా మా ఇద్దరి కొట్లాట వినే వేస్తారు. నాణెం ఎగరేస్తాం. బొమ్మ పడితే ఆయన బిల్లు తరఫు, బొరుసు పడితే నేను. సొంత ఓటు ఎటో మేమిద్దరం ఎవరికీ చెప్పం.

ఈ వారం వచ్చింది వయోభార బిల్లు. డెబ్బై ఐదేళ్ళు దాటినవాళ్ళ ఓటుని ఇకనుంచి సగంగా లెక్కపెడతారు. నాణెం వేశాను. బొమ్మ పడింది.

"ఇంగోసారి వేస్తా పెదనాయనా," అన్నాను. "ఈ ఒక్కదానికి మార్చుకుందాం. నీ ఓటు సగం చెయ్యండని నువ్వే చెప్పేది ఏం బాగుంటాది?"

ఆయన నాణెం తీసి జేబులో వేసుకున్నాడు.

"టికెట్టు కొట్టినాక ఊరు మార్చరు పాపా."

నమోదు 2918. మంగళవారం.
బయట వేడి యాభై. ప్రసారం సకాలంలో. అంతరాయాలు లేవు.

పెదనాయన ఉపన్యాసం ఇవ్వడు. బస్సులో పక్క సీటువాడితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఈ రోజు మాటలు పుస్తకంలో ఉండాలని రాస్తున్నాను.

"బస్సు పోతాంది అనుకోండప్పా," అన్నాడు. "ముందర రెండు ఊర్లలో దిగేటోళ్ళు ఉండారు. చివరిదాకా పోయేటోళ్ళు ఉండారు. ఎట్లా పోదామని అందరినీ అడిగితే, ముందర దిగేటోడు ఏమంటాడు? నా ఊరు దాకా మంచి రోడ్డు కావాల అంటాడు. ఆ తర్వాత గుంతలున్నా వానికేమి? తప్పు గాదు, మనిషి అంతే. అయితే బస్సులో ముందర దిగేటోళ్ళే ఎక్కువ మంది ఉంటే, చివరి ఊరికి రోడ్డు ఎప్పటికీ పడదు."

చలువ మంటపంలో ఒకచోట కత్తిపీట చప్పుడు ఆగిందని తర్వాత చెప్పారు.

నా వంతు వచ్చింది. పెద్దవాళ్ళు ఈ దేశానికి చెమట ధారపోశారని, వాళ్ళ అనుభవం విలువైనదని, అవమానించకూడదని చెప్పాను. బడి పుస్తకాల్లో రాసినట్టు, తూచినట్టు చెప్పాను. ఒక్క ఫోను కూడా నాకు రాలేదు. ఆయనకి పదమూడు వచ్చాయి. పన్నెండు తిట్లు.

నమోదు 2919. బుధవారం.
బయట వేడి యాభై ఒకటి. గాలి తక్కువ. ప్రసారం మధ్యలో రెండుసార్లు కరెంటు తగ్గింది, బ్యాటరీ మీద నడిపాను.

పొద్దున పులి-మేక గుంపు పెదనాయనను రానివ్వలేదు. ఆయన చోటులో హుసేనప్ప తువ్వాలు పరిచి కూర్చున్నాడట. హుసేనప్పకి ఎనభై నాలుగు. ఇద్దరూ నలభై ఏళ్ళ స్నేహితులు. "సగం మనిషితో ఆట ఏందిలే," అన్నాడట. ఇంట్లో సంగతి ఇంకా ఘోరం. ఆయన భార్య ఓబులక్క పెద్దమ్మ సంగటి ముద్దని రెండుగా కోసి, ఆయన పళ్ళెంలో సగమే పెట్టింది.

"నవ్వేకి లేదు పాపా," అన్నాడు పెదనాయన, తనే నవ్వుతూ. "నిజంగా ఆకలైతాంది."

నా డబ్బాలో ఉన్న రొట్టె ఇచ్చాను. తింటూ ఉన్నవాడు ఉన్నట్టుండి అడిగాడు.

"నిన్న నువ్వు కావాలనే ఓడిపోయినావా?"

నేను డబ్బా మూత బిగించాను.

"తొమ్మిదేండ్లుగా నీ పక్కన కూచుంటాండా. నువ్వు కొట్లాడితే బల్ల అదురుతాది. నిన్న పాఠం అప్పజెప్పినావు."

నిజం ఇక్కడ రాయాలి. నాకు ఈ బిల్లు గెలవాలని ఉంది. మా మంజరికి తొమ్మిదేళ్ళు. నేల కింద బడిలో చల్లగాలి తిప్పే యంత్రం మూడేళ్ళ కిందట ఆగిపోయింది. అప్పటినుంచి బడి పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. పిల్లలు తడిగుడ్డలు నెత్తిన వేసుకుని కూర్చుంటారు. బడులన్నిటికీ కొత్త యంత్రాలు పెట్టాలన్న బిల్లు ఆ ఏడే దేశంలో ఓడిపోయింది. వద్దన్నవాళ్ళలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్ళే. డబ్బంతా బడులకి పోయి ఆయుష్షు సూదులు తగ్గిపోతాయేమోనని వాళ్ళ భయం. ఆ సంగతి ఆయనకి చెప్పాను.

పెదనాయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఈ బిల్లు గెలవాలని నీకుంటే ఉండనీ. తప్పు లేదు. అయితే అవతలి పక్కన నిలబడినోళ్ళకి నువ్వు ఒక్కదానివే గొంతు. నువ్వు నోరు సగం తెరిస్తే, వాళ్ళ ఓటు శనివారం దాకా ఆగకుండా ఈపొద్దే సగమైపాయె."

ఈ రోజు ప్రసారంలో నేనేం చెప్పానో గుర్తు లేదు. సిగ్గుగా ఉందని మాత్రం గుర్తుంది.

నమోదు 2920. గురువారం.
బయట వేడి యాభై. ప్రసారం పన్నెండూ ఐదుకి మొదలు, ఒంటిగంటకి ముగింపు. పది నిమిషాలు ఎక్కువ. అంతరాయాలు: పదకొండు సెకన్ల నిశ్శబ్దం. యంత్రం తప్పు కాదు.

గాలిమర దిగి సైరన్‌కి గంట ముందే పెదనాయన ఇంటికి వెళ్ళాను. ఆయన లేడు. పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని అలసందలు ఒలుస్తోంది.

"ఆయప్ప తరఫున వచ్చింటే పో," అంది.

"నీ తరఫున మాట్లాడేకి వచ్చినా పెద్దమ్మా. ఏం మాట్లాడాల్నో తెలియక వచ్చినా."

ఆమె నా ముఖం వంక చూసి, చాటలో సగం కాయలు నా వైపు తోసింది. ఇద్దరం ఒలిచాం. సగం ఓటంటే ఎందుకంత కోపమని అడిగాను. చేతిలో ఉన్న కాయలు అయ్యేదాకా ఒలిచింది. తర్వాత చెప్పింది. విన్నాక నేను ఒలవడం మానేశాను. ఆ మాట రేడియోలో చెప్పనా అని అడిగితే, "నీ నోట్లో ఎందుకు? నాకు లేదా నోరు?" అంది.

అప్పుడే తను కూడా నన్ను అడిగింది, నీకెందుకింత దిగులని. మంజరి బడి సంగతి చెప్పాను. తడిగుడ్డల సంగతి, తొమ్మిదింటికి ఇంటికొచ్చి పిల్ల తలనొప్పితో పడుకునే సంగతి. ఆమె విని, లేచి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

పన్నెండింటికి రేడియో గదిలో భార్యని చూసి పెదనాయన లేచి నిలబడ్డాడు. ఆమె నా కుర్చీలో కూర్చుంది. మైకు ఎంత దూరం ఉండాలో చూపించాను.

"నేను ఓబులక్కను. రుద్రప్ప పెండ్లాన్ని," అని మొదలుపెట్టింది. "నా వయసు డెబ్బై తొమ్మిది. నా ఓటు వయసు పదమూడు. ఎట్లంటారా? ముందర అయిదేండ్లకి ఒకసారి ఓటేసేకి పోతాంటిమి. ఏ గుర్తు మీద వెయ్యాల్నో దావలో ఈయప్ప చెప్తాండె. వేసి వచ్చి సంగటి కెలుకుతాంటి. ఆ ఓటు ఆయప్పది. వేలు మాత్రం నాది. శనివారం ఓటు వచ్చి, పలక ఇంటికే వచ్చినాక, ఈయప్ప బయట ఉన్నప్పుడు మొదటిసారి నేనే ఆలోచన చేసి వేసినా. అరవై ఆరేండ్లకి. ఆ పొద్దు నుంచి ప్రతి వారం, మీ ముచ్చట మొదలైనాక అదీ విని, నాకు తోచింది వేస్తాండా. ఎవరికీ చెప్పను. ముసలోళ్ళు చాలా కాలం నుంచి ఓటేస్తాండారు, ఇంగ చాలు అంటాండారు. నాకు ఇప్పుడే గదా మొదలైంది."

ఇక్కడే ఆ పదకొండు సెకన్లు.

పెదనాయన మైకు దగ్గరికి జరిగాడు. ఆయన ఇంకా బిల్లు తరఫే. వదిలెయ్యడని నాకు తెలుసు.

"ఓబులా, మూడేండ్ల కిందట ఇస్కూలు యంత్రాల బిల్లు వచ్చింది. దానికి ఏం వేసినావో చెప్తావా? ఇష్టమైతేనే."

"వద్దని వేసినా."

"ఏమిటికి?"

"భయపడి. సూదులు తగ్గిస్తారేమోనని. నీ సూది గూడా."

"అందుకే గదమ్మా ఈ బిల్లు," అన్నాడు పెదనాయన. గొంతు మెత్తబడింది కానీ మాట మెత్తబడలేదు. "నీ మాదిరి భయపడేటోళ్ళు దేశంలో ఎక్కువమంది అయిపోయినారు. నేను గూడా వాళ్ళల్లోనే ఉండా. పిల్లోళ్ళు ఇంగ ఎప్పుడు గెలవాల?"

"నా ఓటు సగం చేస్తే నా భయం సగమైతాదా? అంతే ఉంటాది. పైగా ఇంట్లో కూచుని పెద్దదైతాది. భయపడినోళ్ళకి చెప్పాల."

"చెప్పినాం. ఈ మైకులోనే నాలుగు దినాలు చెప్పినాం."

"చెప్పినారు. మీరిద్దరూ బాగా కొట్లాడినారు. శాతాలు చెప్పినారు. ఆ పిల్లోళ్ళు నెత్తిన తడిగుడ్డ ఏసుకుని కూచుంటారని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. మన పక్కనే, రెండు వీధుల అవతల. ఈపొద్దు పొద్దున వన్నూరమ్మ అలసందలు ఒలుస్తా చెప్తే నాకు తెలిసింది."

వన్నూరమ్మ అంటే నేనే. పెదనాయనా నేనూ ఒకరినొకరం చూసుకోలేదు. తొమ్మిదేళ్ళలో రెండు వేల తొమ్మిది వందల ప్రసారాలు చేశాం. ఆ బడి తలుపు దగ్గరికి మైకు తీసుకెళ్ళాలని ఇద్దరికీ తోచలేదు. నాకు మరీ, నా బిడ్డే అక్కడ ఉంటే, సొంత మాట కలిపితే పక్షపాతమవుతుందని నోరు మూసుకున్నాను.

ఓబులక్క పెద్దమ్మ లేచి, కుర్చీ మళ్ళీ నా వైపు జరిపింది.

"ఇంటికి పోయి అన్నం వండుతా," అంది మైకులోనే. "ఈ పూట నిండా పెడతాలే."

నమోదు 2921. శుక్రవారం.
బయట వేడి నలభై ఎనిమిది. ఫోన్ల రోజు. నలభై ఒక్క ఫోన్లు. మునుపెన్నడూ ఇన్ని లేవు.

అన్నీ రాయలేను. పక్క ఊరి నుంచి ఒక పాతికేళ్ళ అబ్బాయి, ఓబులక్కవ్వ మాట నచ్చిందనీ, అయినా తన ఓటు బిల్లుకేననీ చెప్పాడు. "ఆమెలాంటోళ్ళు ఒకరుంటే, మా తాతలాంటోళ్ళు పదిమంది ఉండారు. ఆయన ఓటు యంత్రానికిచ్చి నిద్రపోతాడు," అన్నాడు. అదీ ఉన్న మాటేనని మైకులోనే ఒప్పుకున్నాను. తొంభై మూడేళ్ళ రంగమ్మ గారు తన ఓటు సగం చేసినా ఫరవాలేదు, కానీ ఆ మిగతా సగాన్ని ఎవరికిస్తారో చెప్పాలంది. ఎవరికీ ఇవ్వరు, అది మాయమైపోతుందని చెబితే, "వృథా ఎందుకప్పా, ఇస్కూలు పిల్లోళ్ళకైనా ఇచ్చింటే," అని ఫోను పెట్టేసింది.

చివరి ఫోను హుసేనప్పది. బిల్లు గురించి ఒక్క మాటా అనలేదు.

"రుద్రప్ప లేకపోతే పులులు ఆడించేవాడు లేడు. మేకలు ఊరికే తిరుగుతాండాయి. రమ్మని చెప్పు."

"లైన్లోనే ఉండా," అన్నాడు పెదనాయన.

"తెలుసులే," అన్నాడు హుసేనప్ప.

నమోదు 2922. శనివారం.
బయట వేడి నలభై తొమ్మిది. ప్రసారం ఫలితాలు మాత్రమే.

పన్నెండింటికి పలక తీసుకుని ఒక మూల కూర్చున్నాను. వేలు పెట్టడానికి ఎప్పుడూ నాకు క్షణం చాలు. ఈసారి చాలాసేపు పట్టింది. ఎటు వేశానో ఇక్కడ కూడా రాయను.

నాలుగింటికి ఫలితం వచ్చింది. దేశంలో నూటికి యాభై ఒక్కమంది కావాలన్నారు. బిల్లు గెలిచింది. మరలగుట్టలో వేరేగా ఉంది: కావాలన్నవాళ్ళు తొమ్మిది వందల రెండు, వద్దన్నవాళ్ళు వెయ్యీ తొమ్మిది. మా ఊరు వద్దంది. దేశం కావాలంది. అదే మైకులో అదే గొంతుతో రెండూ పెదనాయనే చదివాడు.

యంత్రం ఆపాక, "నీ పక్షమే గెలిచింది," అన్నాను.

"నా పక్షం యాడుండాదో నీకేం తెలుసు?" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం ఎంతకీ అవలేదు. నేను లేచి తీగలు చుట్టే పని పెట్టుకున్నాను.

ఐదింటికి మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఓబులక్క పెద్దమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఆయన ఎటు వేశాడని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. "గాలి బాగుండాది, నడుస్తా పోదాం," అంది. ఇద్దరూ గాలిమరల పక్కగా, ఒకే వేగంతో వెళ్ళిపోయారు.

నమోదు 2952. శనివారం. ఐదు వారాల తర్వాత.
బయట వేడి నలభై ఆరు. ప్రసారం ఫలితాలు. గదిలో అదనంగా తొమ్మిదిమంది ఉన్నారు. నియమం ప్రకారం ఉండకూడదు.

సగం ఓట్లు అమల్లోకి వచ్చాక ఇదే మొదటి శనివారం. వచ్చిన బిల్లు బడి యంత్రాలదే. కొద్దిగా మార్చి మళ్ళీ పెట్టారు. ఈసారి నాణెం నన్ను వద్దనే వైపు నిలబెట్టింది. ఇది గెలిస్తే ఆయుష్షు సూది రెండు నెలలు ఆలస్యమవుతుందని, తొంభై దాటినవాళ్ళలో ఆ ఆలస్యం ఎవరెవరికి ప్రమాదమో డాక్టరమ్మని కూర్చోబెట్టి చెప్పించాను. రంగమ్మ గారి భయాన్ని రంగమ్మ గారి నోటితోనే వినిపించాను. కావాలని ఓడిపోయే పని ఏదీ చెయ్యలేదు. పెదనాయన మాత్రం మంగళవారం మైకు భుజాన వేసుకుని ఆరింటికే బడికి వెళ్ళాడు. ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఎనిమిదిన్నరకి ఎక్కం చెప్పమని పిల్లల్ని అడిగి, అది రికార్డు చేసి మధ్యాహ్నం వినిపించాడు. పదమూడో ఎక్కం సగంలోకి వచ్చేసరికి వేడికి గొంతులు ఎలా పడిపోయాయో దేశంలో మా ప్రసారం అందినంత మేర విన్నారు. ఆ ప్రసారాన్ని ఇంకో నలభై ఊళ్ళ రేడియోలు అడిగి తీసుకున్నాయి.

నాలుగింటికి ఫలితం వచ్చింది. దేశంలో బిల్లు గెలిచింది. చాలా తేడాతో గెలిచింది. నా వెనక ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

తర్వాత మా ఊరి లెక్క చదవాలి. వద్దన్నవి మూడు వందల పదకొండు. కావాలన్న అంకె కాగితం మీద చూశాను. ఇన్నేళ్ళలో అలాంటి అంకె నేను చదవలేదు. చివర చిన్న ముక్క ఉంది. అలవాటు కొద్దీ గుండ్రంగా చదివేశాను.

"కావాలన్నవి పన్నెండు వందల నాలుగు."

నా వెనకే కూర్చున్న ఓబులక్క పెద్దమ్మ లేచింది. కాగితం మీద ఏముందో ఆమె అప్పటికే నా భుజం మీదుగా చూసేసింది.

"పాపా, అర మింగినావు."

"ఏమి పెద్దమ్మా?"

"ఆ చివర ఉండేది అర. అది నాది. చదువు."

"నాది గూడా అయిండొచ్చు," అన్నాడు హుసేనప్ప గోడ పక్కనుంచి.

"నువ్వు ఇస్కూలుకి వేసినావా?"

"వెయ్యకపోతే ఈడికి ఏమిటికి వస్తా?"

మంటపంలోంచి కూడా అరుపులు వినిపించాయి. మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఆ అర నాదే, నాదే అంటున్నారు. తొంభై మూడేళ్ళ రంగమ్మ గారు, నాలుగు దినాలు నా పక్కన ఉండి వద్దని వాదించిన మనిషి, చెయ్యెత్తి నాదంటోంది. పెదనాయన ఒక్కడే ఏమీ అనలేదు. నియమం ప్రకారం ఆయన చెప్పకూడదు. భార్య వంక మాత్రం చూస్తున్నాడు, బస్సులో మొదటి టికెట్టు కొట్టిన పొద్దులాగా ముఖమంతా వెలుగు పెట్టుకుని.

మైకు ఇంకా తెరిచే ఉంది. ఆ గోలంతా ప్రసారమైపోయింది. నేను గొంతు సవరించుకుని, క్షమించమని అడిగి, అంకెని మొదటినుంచి మళ్ళీ చదివాను.

"మరలగుట్ట, కావాలన్నవి, పన్నెండు వందల నాలుగున్నర."